సెంట్రల్ లాక్ పడకపోతే మోటారే పోయిందా?

కారు సెంట్రల్ లాక్ గురించి వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: ఒక డోర్ లాక్ పడకపోతే ముందు ఫ్యూజ్ చూడండి, ఫ్యూజ్ బాగుంటే డోర్‌లో లాక్‌ను కదిలించే మోటార్ పోయినట్టే, లోపల శబ్దం వస్తుంటే మాత్రం మోటార్ బాగున్నట్టు, తుప్పు, బిగుతు వదిలించే డబ్ల్యూడీ-40 స్ప్రే కొడితే చాలు. ఇది నమ్మి బాగున్న మోటార్లు మార్పించుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

మొదట ఫ్యూజ్ సంగతి. చాలా కార్లలో నాలుగు డోర్ల లాకులకూ ఒకే ఫ్యూజ్ ఉంటుంది. అది పోతే నాలుగూ ఆగిపోవాలి. మూడు టక్కున పడుతూ ఒక్కటే మొరాయిస్తుంటే, తేడా ఆ డోర్‌లోనో దానికి వెళ్లే వైర్లలోనో ఉంటుంది. నాలుగూ పడకపోతే అప్పుడు చూడండి ఫ్యూజ్, రిలే (మోటార్లకు కరెంటు కలిపే విద్యుత్ స్విచ్), డ్రైవర్ వైపు స్విచ్. స్విచ్‌తో పడి రిమోట్‌తో పడకపోతే ముందు రిమోట్ బ్యాటరీ మార్చండి.

ఫ్యూజ్ బాగుంటే మోటారే పోయిందనడం మాత్రం పెద్ద పొరపాటు. మధ్యలో వైరింగ్ ఉంది కదా! డోర్ తెరిచి కీళ్ల దగ్గర చూడండి. బాడీకీ డోర్‌కీ మధ్య ముడతలు ముడతలుగా రబ్బరు గొట్టం కనిపిస్తుంది. వైర్లన్నీ అందులోంచే వెళ్తాయి. డోర్ తీసి వేసినప్పుడల్లా వంగి వంగి, పై తొడుగు బాగానే ఉన్నా లోపల రాగి తీగ తెగిపోతుంది. లాక్ ఒకసారి పడి ఒకసారి పడకపోయినా, డోర్ సగం తెరిచినప్పుడే పనిచేసినా, అదే డోర్‌లో పవర్ విండో కూడా ఇబ్బంది పెడుతున్నా ముందు అనుమానించాల్సింది ఈ గొట్టాన్నే.

తేల్చుకోవడం కష్టమేమీ కాదు. అద్దం పూర్తిగా పైకెత్తి, డోర్ ప్యాడ్ (డోర్ లోపలివైపు తొడుగు) విప్పి, మోటార్ కనెక్టర్ ఊడదీయండి. అందులో మోటార్‌వి రెండు లావు వైర్లు. వాటి మధ్య 12 వోల్టుల బల్బు పెట్టి, ఎవరినైనా స్విచ్ నొక్కమనండి. లాక్‌కి ఒకవైపు, అన్‌లాక్‌కి ఎదురువైపు కరెంటు వస్తుంది కాబట్టి రెండుసార్లూ బల్బు ఒక్క క్షణం వెలగాలి. వెలగకపోతే కొత్త మోటార్ పెట్టినా దండగే. సన్న వైర్ల జోలికి మాత్రం పోవద్దు, అవి లాక్ పడిందో లేదో చెప్పే స్విచ్‌వి. మల్టీమీటర్ కన్నా నాకు బల్బు మీదే నమ్మకం. ఒక్క పోగు మిగిలిన వైరులోనూ మీటర్ 12 వోల్టులు చూపించేస్తుంది, బల్బు మాత్రం సరిగా వెలగదు. మోటార్ మార్చాలని చెప్పే మెకానిక్‌ని ముందు ఈ బల్బు వెలిగించి చూపించమని అడగండి.

శబ్దం వస్తే మోటార్ తిరుగుతోందని అర్థం, అంతే. లోపలి ప్లాస్టిక్ పళ్ల చక్రం అరిగిపోతే అది ఉత్తినే తిరుగుతుంది, లాక్ కదలదు. అప్పుడు మార్చాల్సింది మోటార్ సెట్టే. మోటార్‌ను లాక్‌కు కలిపే కడ్డీని పట్టుకునే క్లిప్ ఊడినా ఇదే లక్షణం, కానీ ఖర్చు చాలా తక్కువ. ప్యాడ్ విప్పితే కంటికే తెలిసిపోతుంది.

డబ్ల్యూడీ-40 బిగుసుకున్న లాచ్‌ను (డోర్‌ను పట్టి ఉంచే కొక్కెం) వదులు చేస్తుంది, నిజమే. తెగిన వైరును అతకదు, అరిగిన పళ్లను మొలిపించదు. పైగా పాత గ్రీజును కడిగేస్తుంది. కొట్టాక తుడిచి, లిథియం గ్రీజు రాయండి.