రాక్షసి బొగ్గు ఎంత మగ్గింది?

తిరుపతిలో మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్న పెద్దాయన పొద్దున్నే పెట్టెలో బొగ్గులు వేసేటప్పుడు ఒక్కో ముక్కనూ చూసి వేస్తాడు. పొగ వస్తే చాలు, ఆ ముక్కను పట్టకారుతో తీసి అవతల పడేస్తాడు. "ఇది సరిగ్గా కాల్లేదు సార్, చొక్కాకు మరక పడతాది" అంటాడు. అది సర్కారు తుమ్మ బొగ్గు. కట్టెలు పేర్చి, పైన మట్టి కప్పి, గాలి ఆడకుండా మగ్గబెడితే నీళ్లు, గ్యాసు, తారు పోయి కార్బన్ మిగులుతుంది. సగం మగ్గిన ముక్కలో తారు ఇంకా ఉంటుంది. ఆ పొగ దానిదే.

గనుల్లో దొరికే రాక్షసి బొగ్గు గురించి, ముడి చమురు గురించి సేంద్రియ భూరసాయన శాస్త్రం అడిగేది కూడా ఇదే. పూడిపోయిన జీవ పదార్థం ఎంత? దేని నుంచి వచ్చింది? ఎంత మగ్గింది? మన వార్తలు మాత్రం ఎన్ని కోట్ల టన్నులు, ఎన్ని బ్యారెళ్లు అన్న దగ్గరే ఆగిపోతున్నాయి. ఈ మూడింటికీ జవాబు లేకుండా చెప్పే టన్నుల లెక్కను నేను నమ్మను.

బురదతో పాటు పూడిన నాచు, ఆకులు, బెరడు కాలక్రమంలో కెరోజన్ అనే గట్టి పదార్థంగా మారతాయి. కిరోసిన్ వేరు, ఇది వేరు. ఇది మామూలు ద్రావకాల్లో కరగదు. నాచులో హైడ్రోజన్ ఎక్కువ కాబట్టి దాని కెరోజన్ నుంచి చమురు వస్తుంది. చెట్ల కాండంలో అది తక్కువ. అందుకే చెట్ల నుంచి ఎక్కువగా బొగ్గు, గ్యాసే వస్తాయి. లోతుకు పోయేకొద్దీ వేడి పెరుగుతుంది. సుమారు 60 డిగ్రీల నుంచి చమురు పుడుతుంది, 150 దాటితే ఇక గ్యాసే.

దీన్ని కొలవడానికి రాక్ ఎవాల్ అనే యంత్రం ఉంది. చిటికెడు రాతిపొడి చాలు. ఆక్సిజన్ తగలకుండా 300 డిగ్రీల దగ్గర ఉంచితే, రాతిలో అప్పటికే పుట్టిన చమురు ఆవిరై వస్తుంది. అక్కడి నుంచి వేడి పెంచుతూ పోతే కెరోజన్ విరిగి, తాను ఇవ్వగలిగిందంతా ఇస్తుంది. ఆ విరగడం ఏ డిగ్రీ దగ్గర బాగా ఎక్కువైందో చూస్తారు. సుమారు 435 లోపే అయితే రాయి ఇంకా పచ్చిదన్నమాట. మా పెద్దాయన పొగ చూసి పట్టేదాన్ని యంత్రం అంకెలో పట్టిస్తుంది.

"మన కొండల్లో బొగ్గు ఎందుకు లేదు సార్?" అని డిగ్రీ పిల్లలు నన్ను చాలాసార్లు అడిగారు. తిరుమల ఘాట్ రోడ్డులో కింద గ్రానైటు, దాని మీద కూర్చున్న నగరి క్వార్ట్‌జైటు రెండూ కంటికే కనిపిస్తాయి. జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించిన చోటు అది. ఆ క్వార్ట్‌జైటు ఒకప్పటి ఇసుక. వయసు వంద కోట్ల ఏళ్లకు మించింది. నేల మీద మొక్కలు మొలిచి 50 కోట్ల ఏళ్లు కూడా కాలేదు. చెట్టే లేని కాలంలో బొగ్గెక్కడిది? అంత పాత రాళ్లలో చమురు అసలు ఉండదని మాత్రం అనుకోకూడదు. రాజస్థాన్‌లోని బాఘేవాలాలో 50 కోట్ల ఏళ్లకు పైబడిన రాళ్ల నుంచే చిక్కటి చమురు వస్తోంది. నాచుకు చెట్లతో పనిలేదు కదా.

మన జిల్లాలోనే సత్యవేడు వైపు పోతే కథ మారుతుంది. అక్కడివి 10 కోట్ల ఏళ్లు దాటిన గోండ్వానా రాళ్లు, అంటే గోండ్వానా అనే పాత మహాఖండం పేరుతో పిలిచేవి. వాటిలో ఆకుల అచ్చులు దొరుకుతాయి, ఈనెలతో సహా. అచ్చయితే మిగిలింది గానీ, ఆకులోని కార్బన్ చాలావరకు పోయింది. గాలి తగిలిన ఇసుకలో అది నిలవదు. ఊపిరాడని బురద కావాలి.

అలాంటి బురద గోదావరి వైపు దొరికింది. 1871లో భారత భూవిజ్ఞాన సర్వే శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించారు. మన తిరుమల క్వార్ట్‌జైటు కూడా చేరే కడప రాళ్ల మీద తొలి పెద్ద నివేదిక రాసిందీ ఆయనే. సింగరేణి బొగ్గు పర్మియన్ అడవులది, అంటే 25 కోట్ల ఏళ్లకు ముందుది. అదే కాలపు బొగ్గు పొరలు, షేల్ (బురద గట్టిపడి అయిన రాయి) పొరలు గోదావరి డెల్టా కింద కూడా ఉన్నాయి. వాటిని కొమ్ముగూడెం పొరలంటారు. మండపేట దగ్గర 3 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగిపోయి, బాగా మగ్గి, గ్యాసును పుట్టించాయి. ఒకే కాలపు అడవి ఒకచోట తట్టలో బొగ్గయింది, ఇంకోచోట పైపులో గ్యాసయింది. నేను క్లాసులో ఏది మానేసినా ఈ ఒక్క సంగతి మాత్రం చెప్పకుండా ఉండను.

ఇక అస్సాం బొగ్గులో గంధకం ఎక్కువ, బూడిద తక్కువ. సింగరేణిది అందుకు పూర్తిగా తిరగబడి ఉంటుంది. గంధకంలో తేడా సముద్రం వల్లే: అస్సాంలో బొగ్గు పొరలు ఏర్పడే రోజుల్లో సముద్రపు నీళ్లు తగిలాయి, ఇక్కడ తగల్లేదు. టన్నుల లెక్కలో మాత్రం రెండూ ఒకటే. కాల్చాక చిమ్నీ నుంచి వచ్చే పొగలో, పక్కన పేరుకునే బూడిద గుట్టలో తేడా తెలుస్తుంది. ఆ పక్కన బతికేవాళ్లకు ఆ తేడా ముందే తెలియాలి.

చమురు, గ్యాసు కోసం జనం డబ్బుతో తవ్విన బావుల్లోంచి వచ్చిన రాతి ముక్కలు గోదాముల్లో పెట్టెల నిండా ఉంటాయి. పరీక్షకు కావలసింది అందులో పిడికెడు. ఒక్కో బావి నుంచి ఆ పిడికెడు చొప్పున యూనివర్సిటీలకు పంపాలి. కొమ్ముగూడెం షేల్ ముక్క, ఇల్లెందు బొగ్గు, సత్యవేడు ఆకు అచ్చు, ఇస్త్రీ బండి దగ్గర పడేసిన ఆ పొగ ముక్క, ఈ నాలుగూ ఒకే బల్ల మీద పెట్టి తిరుపతి పిల్లల చేత వేడి చేయించాలని ఉంది. మొదటి మూడింటిలో నా దగ్గర ఉన్నది ఒక్క ఆకు అచ్చే.