‘ప్రేమాభిమానముల చేత’ రాసిచ్చాక ఆయా జీతం ఎవరిస్తారు?

విజయవాడ పటమటలో ఉండే మా పెద్దమ్మ బాత్రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ గురించి ఎవరూ పెద్దగా టెన్షన్ పడలేదు. కొంత ఇన్సూరెన్స్ కట్టింది, మిగతాది పెద్దన్నయ్య అమెరికా నుంచి పంపాడు. అసలు కథ డిశ్చార్జ్ అయ్యాక మొదలైంది. పగలు ఒక ఆయా, రాత్రి ఇంకొకరు, డైపర్లు, రోజు విడిచి రోజు ఫిజియోథెరపీ. ఆయాల జీతాలే నెలకు 34 వేలు. ఆరో నెలలో చిన్నన్నయ్య ఫోన్లో ఎవరితోనో ‘ఇంకెన్నాళ్లో’ అన్నాడు. విరిగింది తుంటి ఎముకే, చెవులు బాగానే ఉన్నాయి. పెద్దమ్మ వింది.

అప్పటికి ఆ ఇల్లు ఆవిడది కాదు. మూడేళ్ల కిందటే కొడుకుల పేర రాసిచ్చేసింది. దస్తావేజు అడిగి చూశాను. ‘మీయందు నాకు గల ప్రేమాభిమానముల చేత’ అని మొదలైంది. ‘ఇకమీదట నాకు ఎట్టి హక్కును లేదు’ అని ముగిసింది. ఇంటి హద్దులు నాలుగు వైపులా గజాలతో సహా ఉన్నాయి. ఇచ్చేశాక ఆవిడ ఎక్కడుంటుంది, మంచాన పడితే ఎవరు చూస్తారు అన్నదానికి ఒక్క ముక్క లేదు.

ఆ ఒక్క ముక్కే కీలకం. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. కనీస అవసరాలు చూడాలన్న షరతుతో ఆస్తి పుచ్చుకున్నవారు మాట తప్పితే, ఇచ్చినవారు ఆ దస్తావేజును రద్దు చేయించుకోవచ్చు. అయితే షరతు ఉన్నట్టు తేలాలి. 2022లో సుప్రీంకోర్టు సుదేశ్ ఛికారా కేసులో వృద్ధురాలికి అనుకూలంగా వచ్చిన ఉత్తర్వును, ఆ షరతే లేదంటూ కొట్టేసింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో, తల్లిని చూసుకుంటానని కొడుకు విడిగా రాసిచ్చిన కాగితాన్ని కూడా పరిగణించి దస్తావేజును రద్దు చేసింది. చట్టాన్ని ఉదారంగా చదవాలని కూడా చెప్పింది. అది చదివి ‘ఇంకేం, షరతు లేకపోయినా పర్లేదు’ అనుకుంటే పొరపాటే. అక్కడా ఓ కాగితం ఉంది.

ఇల్లు పోతే పోయింది, పోషణ ఖర్చు రాబట్టుకోవచ్చు కదా అంటారు. వచ్చు. ఆర్డీవో స్థాయి అధికారి నడిపే ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవాలి. లాయర్‌తో పని లేదు, నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలని చట్టంలోనే ఉంది. కానీ ఇప్పించగల గరిష్ఠ మొత్తం నెలకు 10 వేలు. మా పెద్దమ్మ ఆయాల జీతంలో మూడో వంతు కూడా కాదు. 70 దాటినవారికి ఆయుష్మాన్ భారత్ ఏడాదికి 5 లక్షల వరకూ ఇస్తుంది, ఆసుపత్రిలో చేరితే. ఇంట్లో మంచం పక్కన కూర్చునే మనిషికి ఇవ్వదు.

అంటే మధ్యతరగతి ముసలివాళ్లకు మిగిలిన పెట్టుబడి ఆ ఇల్లే. బతికుండగానే దాన్ని ఇచ్చేయొద్దని నా అభిప్రాయం. తర్వాత పిల్లలు కొట్టుకుంటారనే భయం నిజమే, దానికి వీలునామా ఉంది. అది ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఇల్లు సొంత పేర ఉంటే దాన్ని తాకట్టు పెట్టి, రివర్స్ మార్ట్‌గేజ్ కింద బ్యాంకు నుంచి నెలనెలా డబ్బు తీసుకునే దారీ ఉంటుంది. మన వీధుల్లో దాన్ని పరువు తక్కువగా చూస్తారనుకోండి. ఇవ్వక తప్పకపోతే, జీవితాంతం ఉండే హక్కు అట్టిపెట్టుకుని, వైద్యం, ఆయా ఖర్చు ఎవరు భరించాలో అందులోనే రాయించాలి.

‘జీపీఏ (మన తరఫున వ్యవహారాలు చూసే అధికారమిచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఇచ్చాంగా, వాడే చూసుకుంటాడు’ అనేవాళ్లకు ఒక మాట. ఇచ్చిన మనిషికి మతి తప్పితే ఆ పవర్ అక్కడితో చెల్లదు. సరిగ్గా అవసరం పడేదీ అప్పుడే.

మొన్న మా అమ్మతో రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా ఉన్న దస్తావేజు లేఖరి దగ్గరికెళ్లాం. షరతు చేర్చమంటే ఆయన నా వైపు చూసి, ‘అబ్బాయి మీద నమ్మకం లేదా అమ్మా?’ అన్నాడు.

‘వాడే రాయించమన్నాడు’ అంది అమ్మ.

మళ్లీ టైపు చేసినందుకు 500 ఎక్కువ తీసుకున్నాడు.