మధ్యాహ్నం పని ఆపాలా?

తిరుపతిలో ఇళ్లు కట్టే మేస్త్రీకీ, ఆస్పత్రిలో నర్సుగా చేసే ఆయన అన్న కూతురికీ మధ్య వాదన. వడగాలులు వీచే రోజుల్లో కట్టుబడి పని మధ్యాహ్నం ఆపాలా, వద్దా?

మేస్త్రీ: ఎండలు కొత్తగా వచ్చాయా అమ్మా? రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దవాళ్లు ఊరికే అన్నారా? అప్పుడూ పనులు జరిగాయి.

నర్సు: ఎండ పాతదే చిన్నాయనా, వచ్చే తీరు మారింది. ఒకప్పుడు పదేళ్లకోసారి వచ్చేంత తీవ్రమైన ఎండ, భూమి ఒక డిగ్రీ వేడెక్కేసరికి అదే పదేళ్లలో ఇంచుమించు మూడుసార్లు వస్తోందని 2021లో ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ లెక్కగట్టింది. 2015లో మన రాష్ట్రంలోనే ఎండదెబ్బకు వెయ్యిమందికి పైగా పోయారు.

మేస్త్రీ: మా కూలీలకు ఎండ అలవాటే.

నర్సు: అలవాటు కావడానికి వారం, రెండు వారాలు పడుతుంది. కొత్తగా చేరినవాడికి ఆ మొదటి రోజులే గండం. అలవాటైనవాడికైనా చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడేది, ఉక్కలో అది ఆరదు. పైగా రాత్రంతా రేకుల ఇంట్లో నిద్ర లేకుండా పొద్దున పనికొస్తాడు. మాట తడబడితే మజ్జిగ తాగి పడుకోమంటారు మీరు. అది వడదెబ్బ కావచ్చు, ప్రాణం పోతుంది! స్పృహ సరిగా లేనివాడి నోట్లో ఏమీ పోయకూడదు. నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, విసురుతూ 108కి ఫోన్ చెయ్యాలి.

మేస్త్రీ: సరే, నాలుగు గంటలు ఆపితే ఆ కూలి ఎవరిస్తారు? పని పెట్టమని అడిగేది వాళ్లే. నీకు నెల జీతం వస్తుంది, వాళ్లకు రాదు.

నర్సు: అది కాదనలేను. అందుకే తగ్గించమనడం లేదు, జరపమంటున్నా. తెల్లారగానే మొదలుపెట్టి పదకొండుకు ఆపు, నాలుగు తర్వాత మళ్లీ పని మొదలుపెట్టించు. మండే ఎండలో స్లాబు వేస్తే నీరు ఆవిరై పగుళ్లిస్తుందని పొద్దున్నే వేయిస్తావు, తడి గోనెలు కప్పుతావు. మనుషులకూ ఆ జాగ్రత్త చూడవా?

మేస్త్రీ: తెల్లారగానే కాంక్రీటు కలిపే మిల్లర్ తిప్పితే వీధంతా గొడవకొస్తుంది. కూలీలు చంద్రగిరి, ఏర్పేడు నుంచి బస్సుల్లో వస్తారు. మధ్యలో ఐదు గంటలు ఎక్కడ కూర్చుంటారు?

నర్సు: సైటులోనే నీడకు పందిరి వెయ్యి, తాగే నీళ్లు పెట్టు. ఆ ఖర్చు ఇంటి యజమాని అగ్రిమెంటులో రాయించు.

మేస్త్రీ: నేను రాయిస్తే ఇంకో మేస్త్రీ అంతకు తక్కువకు ఒప్పుకుంటాడు.

నర్సు: అందుకే అందరికీ ఒకే వేళలు ఉండాలి. వాతావరణ శాఖ వడగాలుల హెచ్చరిక ఇచ్చిన రోజు మధ్యాహ్నం ఎవరూ పని చేయించకూడదని ఉత్తర్వు ఇమ్మని మేస్త్రీలంతా కలిసి కలెక్టర్‌ను అడగండి.

మేస్త్రీ: ఉత్తర్వు వస్తే ముందు నేనే పాటిస్తా. అది రాకుండా ఆపమంటే నా వల్ల కాదు.

నర్సు: పందిరికీ నీళ్లకూ ఉత్తర్వు అక్కర్లేదు కదా చిన్నాయనా. అవి రేపే పెట్టించు.