తీగ తెగితే ఎవరొస్తారు?

పోయిన దాళ్వా కోతలప్పుడు మా పిన్ని వాళ్ల వీధిలోకి గడ్డి ట్రాక్టరు వచ్చింది. లోడు బాగా ఎత్తుగా వేశారు. రోడ్డుకి అడ్డంగా వేలాడుతున్న సన్నటి నల్ల తీగ గడ్డిలో చిక్కుకుని పుటుక్కుమంది. డ్రైవరు వెనక్కి తిరిగి కూడా చూడలేదు. పిన్నికి సీరియల్ ఆగిపోయిన సంగతి వెంటనే తెలిసింది. ఫోను కూడా పోయిందని మాత్రం రాత్రి దాకా తెలియలేదు. కువైట్‌లో ఉన్న తమ్ముడు తొమ్మిదింటికి నాకు ఫోన్ చేసి, "అన్నయ్యా, అమ్మ ఎందులోనూ దొరకట్లేదు, కాస్త వెళ్లి చూసొస్తావా?" అన్నాడు.

వెళ్లాను. పిన్ని అరుగు మీద కూర్చుని విసనకర్రతో దోమలు తోలుకుంటోంది. విషయం చెప్పగానే నా మీదే పడింది. "ఇంట్లో ఫోను ఉంది, వైఫై ఉంది, మళ్లీ సెల్లుకి రీచార్జి దండగ అన్నది నువ్వే కదరా!"

నిజమే, అన్నాను. టీవీ, నెట్టు, ఫోను మూడూ ఒకే బిల్లులో వచ్చే ప్యాకేజీకి ఆరు నెలల డబ్బు ముందే కట్టించింది కూడా నేనే. అప్పుడు నేను చూసిందల్లా నెలకి ఎంత మిగులుతుందన్నదే. తీగ తెగిన రోజు సంగతి ఆలోచించలేదు. గోదావరి జిల్లాల్లో ఇలాంటి ప్యాకేజీ తీసుకునేవాళ్లు మొదట ఆలోచించాల్సింది ఆ రోజు గురించేనని ఇప్పుడు అనిపిస్తోంది.

ఈ మూడు సేవల ముచ్చట మన డెల్టాకి కొత్తదేమీ కాదు. రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్ గ్రిడ్ తొలి కనెక్షన్లు 2016 డిసెంబరులో వచ్చింది సఖినేటిపల్లి మండలంలోని మోరి గ్రామానికే. జీడిపప్పుకి పేరున్న ఊరు అది. ఏడాది తిరిగాక, 2017 డిసెంబరు 27న, అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్నే ఫైబర్‌నెట్ పేరుతో రాష్ట్రమంతటికీ ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, టీవీ, ఫోను అంటే అప్పట్లో ఎవరూ ఓ పట్టాన నమ్మలేదు. భూమి తవ్వి తీగ వేసే పని పెట్టుకోకుండా, ఉన్న కరెంటు స్తంభాల మీదుగా సుమారు 24,000 కిలోమీటర్లు లాగేశారు కాబట్టే అంత చవగ్గా కుదిరింది. తర్వాత ప్రైవేటు కంపెనీలు, ఊళ్లలోని కేబుల్ ఆపరేటర్లు కూడా చాలాచోట్ల అదే దారి పట్టారు. చవక ఎక్కడి నుంచి వచ్చిందో బలహీనతా అక్కడి నుంచే వచ్చింది. కోనసీమలో స్తంభం పక్కన కొబ్బరి చెట్టు లేని రోడ్డు ఎన్ని ఉంటాయి? తుపాను దాకా ఎందుకు, ఎండుమట్ట ఒకటి రాలినా చాలు.

ముందు డబ్బు లెక్క తేల్చేద్దాం. 699 రూపాయలని ప్రకటనలో కనిపించే ప్లాన్‌కు 18 శాతం జీఎస్టీ కలిపితే బిల్లు 824 రూపాయల 82 పైసలు అవుతుంది. టీవీ విడిగా తీసుకుంటే ఎంతవుతుందో కూడా చూడాలి. కేబుల్, డిష్ కనెక్షన్లకి ఛానళ్ల ధర కాక నెలనెలా కట్టే నెట్‌వర్క్ రుసుముకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2019లో 130 రూపాయల పరిమితి పెట్టింది, 2024 జులైలో ఆ పరిమితి తీసేసింది. పాత 130నే పట్టుకుని, పిన్ని చూసే నాలుగు తెలుగు ఛానళ్లకు ఒక్కోదానికి 19 చొప్పున కలిపి, పన్ను వేస్తే 243 రూపాయలు. ఆమె టీవీ అవసరం అంతే. ప్యాకేజీలో ఆమెకి పదో పన్నెండో ఓటీటీలు వచ్చాయి. వాటిలో ఒక్కటీ ఆమె తెరవలేదు, పాస్‌వర్డ్ అన్నీ నా దగ్గరే ఉన్నాయి. సినిమాలు చూసుకున్నది నేనే అని ఒప్పుకోవాలి.

ఇక ఫోను. మూడింట్లో ఎక్కువ ఊరించేదీ, తక్కువ పనికొచ్చేదీ ఇదే. "అన్‌లిమిటెడ్ కాల్స్" అంటే దేశం లోపల చేసేవే. పిల్లలు గల్ఫ్‌లో ఉన్న ఇంటికి దానితో ఒరిగేదేమిటి? అక్కడి నుంచి మాటలన్నీ నెట్ మీదే నడుస్తాయి. దుబాయ్‌లో వాట్సాప్ కాల్ పనిచేయదు కాబట్టి అక్కడివాళ్లు బోటిమ్ లాంటి యాప్‌లు వాడతారు, దానికీ నెట్టే కావాలి. పైగా ఈ ల్యాండ్‌లైన్ పాత ల్యాండ్‌లైన్ కాదు. రాగి తీగ రోజుల్లో ఫోనుకి కావాల్సిన 48 వోల్టులు ఎక్స్ఛేంజి నుంచే తీగ వెంట వచ్చేవి, ఇంట్లో కరెంటు పోయినా ఫోను మోగేది. ఫైబర్ తీగలో వచ్చేది వెలుతురు. ఇంట్లో పెట్టెకి కరెంటు లేకపోతే ఫోనూ లేదు. మన ఇళ్లలో ఇన్వర్టరు లైన్ ఫ్యాన్లకీ లైట్లకీ ఇస్తారు తప్ప నెట్ పెట్టె ఉన్న ప్లగ్గుకి ఇవ్వడం తక్కువ. ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు ఆ ఒక్క ప్లగ్గు మార్పించుకుంటే సరిపోతుంది, లేదంటే రూటర్లకి పెట్టే చిన్న యూపీఎస్‌లు దొరుకుతున్నాయి.

ఫైబర్‌కి ఒక సుగుణం మాత్రం ఉంది. పాత కేబుల్ టీవీ తీగకి స్తంభాల మీద మధ్యమధ్యలో కరెంటుతో నడిచే యాంప్లిఫయర్లు ఉండేవి, ఊళ్లో కరెంటు పోతే బొమ్మ పోయేది. ఇప్పుడు ఇళ్లకి ఇచ్చే జీపాన్ అనే పద్ధతి ఫైబర్‌లో, ఆపరేటర్ ఆఫీసుకీ మన ఇంటికీ మధ్య ఒక తీగలోని వెలుతురుని చాలా ఇళ్లకి పంచే స్ప్లిటర్ ఉంటుంది, దానికి కరెంటు అక్కర్లేదు. ఆఫీసులో జనరేటర్, ఇంట్లో బ్యాటరీ ఉండి, తీగ తెగకుండా ఉంటే ఊరంతా చీకటిగా ఉన్నా నెట్ వస్తుంది. వరదల్లో లంక గ్రామాలకి ముందు జాగ్రత్తగా కరెంటు ఆపేసినప్పుడు ఇది చాలా పెద్ద సంగతి. అందుకే కనెక్షన్ తీసుకునేముందు వేగం ఎన్ని ఎంబీపీఎస్ అని అడిగే బదులు, మీ ఆఫీసులో జనరేటర్ ఎన్ని గంటలు నడుస్తుంది, మా ఊరికి వచ్చే మెయిన్ తీగ ఒకటేనా రెండు దారులున్నాయా అని అడగండి. మొదటిదానికి జవాబు దొరుకుతుంది. రెండోదానికి చాలామంది నవ్వుతారు.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అలాంటి రాత్రి స్తంభాలు పడితే తీగ ఎవరిదైనా ఒకటే, ముందు కరెంటు వాళ్లు స్తంభం నిలబెట్టాలి, ఆ తర్వాతే నెట్ వాళ్ల పని. అప్పుడు చేతిలో మిగిలేది సెల్లు, అదీ టవర్ దగ్గర బ్యాటరీ, డీజిల్ ఉన్నంతసేపు. సెల్లునొక్కదాన్నే నమ్ముకున్నా చిక్కే. 2022 మేలో అమలాపురం గొడవల తర్వాత కోనసీమలో సెల్ ఇంటర్నెట్ రోజుల తరబడి ఆపేశారు, ఇంటి నుంచి ఉద్యోగం చేసుకునే పిల్లలు ఎంత ఇబ్బంది పడ్డారో ఆ వైపు వాళ్లకి గుర్తుండే ఉంటుంది. కాబట్టి ఇంటికి తీగ ఒక కంపెనీదైతే సెల్లు ఇంకో కంపెనీది ఉండాలి. సెల్లు, ఇంటర్నెట్, డిష్ మూడూ ఒక్కరి దగ్గరే తీసుకుంటే తగ్గింపు ఇస్తామంటారు. ఆ తగ్గింపు వదులుకోవడమే మేలని నా అభిప్రాయం.

తీగే లేని ఎయిర్‌ఫైబర్ ఉంది కదా అంటారు. 2023 సెప్టెంబరులో హైదరాబాద్ లాంటి ఎనిమిది నగరాల్లో జియో మొదలుపెట్టాక ఇది జిల్లాల్లోకీ వచ్చింది. ట్రాక్టరు గొడవ ఉండదు, రెండు గంటల్లో బిగించేస్తారు, అద్దె ఇంట్లో ఉండేవాళ్లకి మంచిదే. కానీ ఇది నడిచేదీ సెల్లుకి వాడే టవర్ మీదే. సంక్రాంతి మూడు రోజులూ భీమవరం చుట్టుపక్కల సెల్లులో వీడియో తెరుచుకోవడానికి ఎంతసేపు పడుతుందో తెలిసినవాళ్లు దీని గురించి ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. డేటా లెక్కలోనూ తేడా ఉంది. పెద్ద కంపెనీల ఫైబర్ ప్లాన్లలో నెలకు 3,300 జీబీ ఇస్తుంటే ఎయిర్‌ఫైబర్‌లో చాలావాటికి 1,000 జీబీ. హెచ్‌డీ బొమ్మకి గంటకి మూడు జీబీ వేసుకున్నా రోజుకి పదకొండు గంటలు వస్తుంది, మామూలు ఇంటికి అదీ ఎక్కువే. రొయ్యల చెరువు మీద రాత్రీపగలూ కెమెరాలు పెట్టి ఇంటి నుంచి చూసుకునే రైతులకి మాత్రం సరిపోతుందో లేదో లెక్క వేసుకోవాలి.

వేగం గురించి ఒక్క మాట. హెచ్‌డీకి ఐదారు ఎంబీపీఎస్ చాలు. మండువా లోగిళ్లలో, మందపాటి గోడల పాత ఇళ్లలో వంద ఎంబీపీఎస్ తీసుకుని పెట్టెని వీధి గదిలో పెడితే వంటింట్లోకి రెండు కూడా రావు. ఇంకో వంద రూపాయలు పెట్టి పెద్ద ప్లాన్‌కి మారేకంటే పెట్టెని మండువా దగ్గరకి జరపమనండి.

ఆరు నెలలకో ఏడాదికో ముందే కట్టమంటే నేను ఇక కట్టించను. సెల్ నంబరైతే కంపెనీ మారినా మనతోనే వస్తుంది, ఇంటి ఫోను నంబరుకి మన దేశంలో ఆ సౌకర్యం లేదు. పెట్టె కూడా చాలాసార్లు వాళ్లదే. డబ్బు కూడా వాళ్ల దగ్గరే ఉంటే ఫిర్యాదు చేసినప్పుడు మన గొంతు ఎక్కడ వినిపిస్తుంది?

పిన్ని వాళ్ల తీగ బాగుచేయడానికి మర్నాడు మధ్యాహ్నానికి కుర్రాడు వచ్చాడు. పెట్టె మీద ఎర్ర లైటు చూసి, మీటరు పెట్టి, స్కూటీ మీదున్న జాయింట్ మిషన్ దింపి పావుగంటలో అతికించేశాడు. వాళ్ల మండలం మొత్తానికి ఆ మిషన్ ఒకటేనట. "ఆయ్, తుపానొస్తే మా వరస వారం దాటుద్దండి. ముందు ఆసుపత్రులు, బ్యాంకులు చూడాలి కదండీ" అన్నాడు. ఏ ప్రకటనలోనూ ఇంత నిజాయితీగల ముక్క నేను చదవలేదు. ఏ కంపెనీ బాగుందని ఇప్పుడు ఎవరైనా అడిగితే, మీ వీధికి వచ్చే కుర్రాడు ఎవరు, పోయినసారి గాలివానకి ఎన్నో రోజున వచ్చాడు, పక్కింటివాళ్లని అడగండి అంటున్నాను.

పిన్ని తీగ మార్చలేదు. సెల్లుకి మాత్రం వేరే కంపెనీ సిమ్ వేయించి, చిన్న డేటా ప్యాక్ పెట్టించాం. నెలనెలా ఆ డబ్బు కట్టినప్పుడల్లా నన్ను ఓ మాట అంటూనే ఉంది. ట్రాక్టరుకి అందకుండా తీగని ఈసారి కాస్త ఎత్తుగా కట్టమని కుర్రాడికి చెప్పాం. సరేనని, ఎదురింటి కొబ్బరి చెట్టుకి కట్టి వెళ్లాడు.