గ్లాసు చప్పుడుకి ఐదు స్టార్లు

సంగీతం వినడానికి చెవులుంటే చాలని చిన్నప్పటి నుంచి నమ్మాను. శబ్దం అచ్చు అసలులా వినపడాలని చేసే హై-ఫై రికార్డుల మీద వచ్చే సమీక్షలు చదవడం మొదలుపెట్టాక ఆ అజ్ఞానం వదిలింది. చెవులతో మహా అయితే శ్రోత కాగలం. విమర్శకుడు కావాలంటే కళ్లు, చర్మం, నాలుక కూడా పనిలోకి దిగాలి. ఆ సమీక్షల్లో చెల్లో వెచ్చగా ఉంటుంది, వయొలిన్లు పట్టులా జారతాయి, ట్రంపెట్ చుట్టూ గాలి ఆడుతుంది. రెండు స్వరాల నడుమ నిశ్శబ్దం నల్లగా ఉంటుంది. చవక రికార్డుకి మామూలు నలుపు, ఖరీదైన రికార్డుకి కాటుక నలుపు. ఇక కొత్త కేబుల్ తగిలించిన ప్రతిసారీ సంగీతం మీంచి ఒక తెర తొలగిపోతుంది. మన పెళ్లిళ్లలో అడ్డుతెర ఒక్కసారే తీస్తారు. వీళ్లు ఏళ్ల తరబడి నెలనెలా తీస్తూనే ఉన్నారు, పెళ్లికూతురు ఇంకా పూర్తిగా కనపడలేదు.

దీన్ని చూసి నవ్వేవాళ్లున్నారు. వాళ్లకి బుద్ధి చెప్పడానికే ఈ వ్యాసం.

ఈ విద్యలో మొదటి పాఠం పాట వినడం మానేయడం. పాట ఎవడైనా వింటాడు. 1976 డిసెంబరులో స్టాక్‌హోం పాత బస్తీలోని స్టాంపెన్ అనే చిన్న క్లబ్బులో ఆర్నె డొమ్నేరుస్ బృందం జాజ్ వాయించింది. ఆ చోటు ఒకప్పుడు తాకట్టు కొట్టు. అందుకే రికార్డుకి ‘జాజ్ ఎట్ ది పాన్‌షాప్’ అని పేరు పెట్టారు. స్పీకర్లు అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ దాదాపు యాభై ఏళ్లుగా దాన్ని నెత్తిన పెట్టుకుంటున్నారు. వాయించింది మంచి పాతకాలపు స్వింగ్ జాజ్, అందులో సందేహం లేదు. అయితే సమీక్షకుడి కలానికి పూనకం వచ్చేది సాక్సఫోన్ దగ్గర కాదు, బల్లల దగ్గర గ్లాసులు గలగలమన్నప్పుడు. ఏ గ్లాసు ఎడమ పక్కది, ఏ గ్లాసు వెనక బల్ల మీదిది, ఎంత దూరంలో ఉంది, అన్నీ తేలాలి. వాద్యకారులందరి పేర్లూ అట్ట మీద వేసి ఆ గ్లాసు కళాకారుల పేర్లు మాత్రం వేయలేదు. ఇది అన్యాయం.

న్యూయార్క్ విలేజ్ వాన్‌గార్డ్ కథా ఇంతే. 1961 జూన్ 25న ఆ నేలమాళిగ క్లబ్బులో బిల్ ఎవాన్స్ పియానో, స్కాట్ లఫారో బేస్, పాల్ మోషన్ డ్రమ్స్ వాయించారు. జనం తాగుతూ, నవ్వుతూ, ముచ్చట్లు చెప్పుకుంటూ కూర్చున్నారు. పట్టుమని రెండు వారాలు తిరక్కుండానే లఫారో కారు ప్రమాదంలో పోయాడు, అప్పటికి అతనికి పాతికేళ్లే. ఆ రికార్డు వింటుంటే నాకు మాత్రం, ‘కాసేపు నోళ్లు మూసుకోండయ్యా, ఇతను ఎక్కువ రోజులు ఉండడు’ అని వాళ్లని కసరాలనిపిస్తుంది. ఇది నా బలహీనత. పరిపక్వత గల విమర్శకుడికి ఆ ముచ్చట్లే హాలు లోతుకు సాక్ష్యం.

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో బార్లు లేవు కాబట్టి అక్కడ రైలు. లండన్‌లో కింగ్స్‌వే హాల్ అని మెథడిస్టుల మందిరం ఒకటి ఉండేది. అందులో ధ్వని బాగా పండుతుందని డెక్కా, ఈఎంఐ కంపెనీలు దశాబ్దాల పాటు అక్కడే ఆర్కెస్ట్రాలను రికార్డు చేశాయి. చిక్కల్లా నేల కింద సొరంగంలో నడిచే పికడిల్లీ లైను రైళ్లతోనే. నెమ్మదిగా సాగే చోట్ల ఆ గుడగుడ కూడా టేపులోకి ఎక్కేసింది. మామూలు మనిషి దాన్ని లోపమంటాడు. హై-ఫై భక్తుడు, తన స్పీకర్లలో రైలు వినపడుతుంది గానీ పక్కవాడి స్పీకర్లలో వినపడదని జాలిపడతాడు. హాలుని 1998లో కూల్చేశారు, రైలు మాత్రం ఎల్పీల్లో ఇప్పటికీ సమయానికే నడుస్తోంది. మా ఇల్లు సికింద్రాబాద్ స్టేషన్‌కి దగ్గర. ఈ లెక్కన నాకు వేరే స్పీకర్లే అక్కర్లేదు.

రైలు చాలనివాళ్లకి ఫిరంగులున్నాయి. రష్యా స్వరకర్త చైకోవ్‌స్కీ రాసిన ‘1812’ అనే ఆర్కెస్ట్రా సంగీతం చివర్లో ఫిరంగులు పేలాలి. 1978లో టెలార్క్ కంపెనీ సిన్సినాటి ఆర్కెస్ట్రాతో ఆ సంగీతాన్ని, నిజం ఫిరంగుల మోతని కూడా డిజిటల్‌లో రికార్డు చేసింది. ఎల్పీ అట్ట మీద ఫిరంగుల గురించి హెచ్చరిక వేశారు. ఫిరంగి దగ్గరికి వచ్చేసరికి గాడి ఎంత అడ్డదిడ్డంగా వంకర్లు తిరిగిందంటే, బలహీనమైన ముల్లు గాల్లోకి ఎగిరేది. ఎగిరితే తప్పు రికార్డుది కాదు, మీ ముల్లుది. కొత్తది కొనుక్కోవాలి. ఒక పాట వినడానికి ఇంట్లో సామాను మార్పించగల సంగీతం మన దగ్గర ఇంకా పుట్టలేదు.

అమెరికా నల్లవాళ్ల బాధల్లోంచి పుట్టిన బ్లూస్ పాటల సంగతి కొంచెం సున్నితం. రాబర్ట్ జాన్సన్ 1936లో శాన్ ఆంటోనియోలో ఒక హోటల్ గదిలో పాడాడు. ఆ డిస్కుల్లో గరగర ఎక్కువ కాబట్టి పాటకి ఐదు మార్కులు, శబ్దానికి రెండు. మడ్డీ వాటర్స్ అదృష్టవంతుడు. మిసిసిపీలో పత్తి తోటల పనివాడిగా బతికి షికాగో చేరిన ఆయన, 1964లో వచ్చిన ‘ఫోక్ సింగర్’లో కరెంటు గిటార్ పక్కన పెట్టి మెల్లగా పాడాడు. పక్కన గిటార్ మీద కుర్ర బడ్డీ గై. తీగ మీద వేలు జారిన చప్పుడు కూడా పడింది. ఇంకేం, ఆ వేలి చప్పుడుతో అప్పటి నుంచీ లక్షల రూపాయల స్పీకర్లు పరీక్ష రాస్తున్నాయి. ఆయన ఏ బాధ గురించి పాడాడో అడిగితే షాపువాడు కాసేపు ఆలోచిస్తాడు.

ఇక విమర్శకుడి చెవి ఎంత నికార్సయిందో చూద్దాం. జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ రికార్డు ‘కైండ్ ఆఫ్ బ్లూ’ 1959లో న్యూయార్క్‌లో, ఒకప్పటి చర్చిని స్టూడియోగా మార్చిన చోట తయారైంది. మొదటి రోజు రెండు టేపు యంత్రాల్లో ఒకటి కాస్త నెమ్మదిగా తిరిగింది. ఆ టేపుని సరైన వేగంతో తిప్పి రికార్డు కోయడంతో మొదటి వైపు మూడు పాటలూ అసలు కన్నా కొంచెం వేగంగా, కొంచెం హెచ్చు శ్రుతిలో వచ్చాయి. 1992లో రెండో యంత్రం టేపు వాడి సరిచేశారు. అంటే ముప్ఫై మూడేళ్లు. ఎల్పీ తిరిగేది కూడా నిమిషానికి ముప్ఫై మూడు చుట్లే, శాస్త్రం ఎంత చక్కగా కుదిరిందో చూడండి. ఆ ముప్ఫై మూడేళ్లూ ప్రపంచం ఆ వైపు శాంతాన్ని, నింపాదితనాన్ని పొగిడింది. సరిచేశాక ఇంకా శాంతంగా ఉందని పొగిడింది. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నవాళ్లు, నాలుగో కాలు దొరికాక దాని అందాన్ని కూడా వర్ణించారు.

చెవి కన్నా గొప్పది అట్ట. మొబైల్ ఫిడెలిటీ అనే అమెరికా కంపెనీ పాత రికార్డుల్ని అసలు మాస్టర్ టేపుల నుంచి, అంటే స్టూడియోలో తయారైన మూల టేపుల నుంచి, వేస్తుందని పేరు. కొన్ని సెట్లు 125 డాలర్లు పలికేవి. శబ్దాన్ని అంకెల్లోకి మార్చే డిజిటల్ అంటే గాజు పెంకు, అలా మార్చకుండా టేపు నుంచి గాడికి దింపే అనలాగ్ అంటే అమ్మ ఒడి అని నమ్మే భక్తులు వాటిని పూజగదిలో పెట్టినంత పని చేశారు. వెచ్చదనం, గాలి, కాటుక నలుపు, అన్నీ ఉన్నాయి. 2022 జులైలో తేలిందేమిటంటే, 2011 నుంచీ వాటిలో చాలావాటికి టేపుని ముందు డిజిటల్‌లోకి ఎక్కించి, దాన్నించి గాడి కోశారట. డిజిటల్ వాసనని పక్క గదిలోంచి పసిగడతామన్నవాళ్లు పదకొండేళ్లు దాన్ని ఒళ్లో పెట్టుకుని జోకొట్టారు. వ్యవహారం కోర్టుకెక్కి రాజీలో తేలింది. నేతి బీరకాయలో నెయ్యి లేదని ఎవరూ దావా వేయలేదు, కానీ మన బీరకాయ 125 డాలర్లు కాదుగా. నా మటుకు నేను కోర్టు అవసరం లేదంటాను. వెచ్చదనం అబద్ధమైనా, ఆ పదకొండేళ్లు చలి వేయలేదు కదా.

అసలు నేను ఈ శాస్త్రానికి దాసుణ్ణి అయింది జాయిస్ హాటో వల్ల. ఆవిడ ఇంగ్లండ్ పియానిస్టు. 1970లలో కచేరీలు మానేసింది, కాన్సర్ అన్నారు. చివరి ఏళ్లలో ఆవిడ పేరుతో భర్త నడిపే చిన్న కంపెనీ నుంచి నూరుకు పైగా సీడీలు వచ్చాయి. లిస్ట్, షోపాన్, రఖ్మానినోవ్, ఏ స్వరకర్తని పట్టినా అద్భుతమే. కొందరు విమర్శకులకి కళ్లు చెమర్చాయి. రోగంతో పోరాడుతూ ఇంత ఆరోగ్యంగా ఎవరు వాయించగలరు? 2006లో ఆవిడ పోయింది. 2007 ఫిబ్రవరిలో ఎవరో ఆవిడ లిస్ట్ సీడీని కంప్యూటర్లో పెడితే, ఐట్యూన్స్ నిర్మొహమాటంగా లాస్లో సైమన్ అనే వేరే పియానిస్టు పేరు చూపించింది. గ్రామఫోన్ అనే సంగీత పత్రిక ఒక నిపుణుడి చేత రెండింటినీ పోల్పిస్తే ధ్వని తరంగాలు ఒకదాని మీద ఒకటి అచ్చు గుద్దినట్టు కూర్చున్నాయి. ఇంకొకరిది ఇంకొకరిది అంటూ లాగేకొద్దీ డొంకంతా కదిలింది. భర్త ముందు కాదన్నాడు. తర్వాత, ఆవిడ నొప్పితో మూలిగిన చోట్ల వేరేవాళ్ల రికార్డింగుల అతుకులు వేయడంతో మొదలైందని ఉత్తరం రాసి ఒప్పుకున్నాడు. ఆర్కెస్ట్రా నడిపినట్టు అట్ట మీద పేరు వేసిన రెనే కోలర్ అనే మనిషి అసలు పుట్టనేలేదు.

ఇందులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముక్క ఇది. యెఫీమ్ బ్రాన్‌ఫ్‌మన్ అనే పియానిస్టు ఆర్కెస్ట్రాతో కలిసి వాయించిన రఖ్మానినోవ్ మూడో పియానో కంచెర్టోని ఒక విమర్శకుడు అప్పట్లో పెదవి విరిచి పక్కన పెట్టాడు. అదే రికార్డింగ్ హాటో పేరుతో వచ్చాక ఆయనే ఆకాశానికెత్తాడు. దీన్ని పరువు తక్కువ అన్నవాళ్లు మూర్ఖులు. వాయించింది ఆరోగ్యంగా ఉన్న మగవాడైతే ఆ స్వరాల్లో ఏముంది, వేళ్లే. మంచం పట్టిన ముసలావిడ అయితే అవే స్వరాల్లో జీవితం ఉంది. విమర్శకుడు వినిపించినది వినలేదు, అట్ట వెనక రాసినది విన్నాడు. చెవి పెద్దదైతే ఏనుగు కూడా సమీక్ష రాయాలి. పాపం, ఐట్యూన్స్‌కి కథలు చదవడం రాదు, అందుకే దానికి నిజం తెలిసిపోయింది.

ఇంత చదివాక నేనూ కలం పట్టాను. మొన్న ఆదివారం తలుపులు బిగించి, కొత్తగా కొన్న కేబుల్ తగిలించి, తాకట్టు కొట్టు రికార్డు పెట్టాను. రెండో పాట మధ్యలో ఖంగున గ్లాసు మోగింది. ఎన్నడూ విననంత స్పష్టంగా, ఎడమ స్పీకరుకి మూడడుగుల వెనక, కొంచెం కిందగా. ఒళ్లు పులకరించి పుస్తకంలో రాసుకున్నాను: ‘కేబుల్ మార్చగానే తెర తొలగింది. గాజులోని తడి కూడా వినపడుతోంది.’

వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినపడింది. “ఏమండీ, కాళ్లు జాగ్రత్త, గ్లాసు పగిలింది. ఆ చీపురు ఇటు పట్టుకురండి.”

పెంకులు ఊడ్చాను. వాక్యం కొట్టేయలేదు.