పేరు దొంగకు మూడేళ్లేనా?

ధర్మారం సంగతి ఇంకా మరచిపోయి ఉండరు. 2018 జూన్‌లో పెద్దపల్లి జిల్లాలోని ఆ మండల కేంద్రంలో ఓ సిమ్‌కార్డుల డిస్ట్రిబ్యూటర్ పట్టుబడ్డాడు. పోలీసులు చెప్పినదాని ప్రకారం, అతను రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్ నుంచి భూముల దస్తావేజులు డౌన్‌లోడ్ చేసుకున్నాడు. వాటి మీది వేలిముద్రలను రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో అచ్చు తీశాడు. ఆ రబ్బరు వేళ్లతో వేలాది సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఇదంతా అమ్మకాల టార్గెట్ కోసమేనట! తాను అమ్మిన ఎకరం పొలం కాగితం తన వేలినే ఎత్తుకుపోతుందని ఏ రైతు అనుకుంటాడు? చదువురానివాళ్లను వేలిముద్రగాళ్లని వెక్కిరించిన కాలం ఒకటుండేది. ఇప్పుడు రేషన్ బియ్యం దగ్గర్నుంచి బ్యాంకు డబ్బు దాకా అందరి బతుకూ వేలిముద్ర మీదే నడుస్తోంది.

మరి అంత విలువైనదాన్ని దొంగిలిస్తే చట్టం వేసే శిక్ష ఎంత? ఇతరుల గుర్తింపును దొంగిలించి వాడుకునే నేరానికి ఐటీ చట్టం 66సి సెక్షన్ కింద గరిష్ఠంగా మూడేళ్ల జైలు, లక్ష వరకు జరిమానా. 2008 సవరణతో వచ్చిన ఈ అంకె నేటికీ మారలేదు. యూపీఐ లేని రోజుల్లో, చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉండటమే గొప్పగా చెప్పుకునే రోజుల్లో రాసుకున్న లెక్క ఇది.

విచిత్రం ఏమిటంటే, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత మరొకరిలా నటించి చేసే మోసానికి శిక్షను మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. అదే మోసం కంప్యూటర్‌తోనో ఫోన్‌తోనో చేస్తే ఐటీ చట్టం 66డి కింద ఇప్పటికీ మూడేళ్లే. ఎదురుగా వచ్చి దొంగ సంతకం పెట్టినవాడికి ఎక్కువ, ఇంట్లో కూర్చుని వంద మంది పేర్లు వాడుకున్నవాడికి తక్కువ! కంప్యూటర్ నేరాలకు ఐటీ చట్టమనే ప్రత్యేక చట్టం ఉన్నప్పుడు దాన్నే వర్తింపజేయాలని నిందితుడి వకీలు వాదిస్తే ఆ చిన్న శిక్షే కవచమవుతుంది.

అసలు చిక్కు సంవత్సరాల లెక్కలో లేదు, దాని వెనకాల ఉంది. ఐటీ చట్టంలో మూడేళ్ల శిక్ష పడే నేరాలన్నీ బెయిలబుల్, అంటే బెయిల్ హక్కుగా దొరికేవే. ఏడేళ్ల లోపు శిక్ష కాబట్టి పోలీసులు అరెస్టు చేయకుండా నోటీసు ఇచ్చి పంపేయొచ్చు. బాధితులు స్త్రీలో, పిల్లలో కావడం వంటి కొన్ని సందర్భాల్లో తప్ప కోర్టు అనుమతితో రాజీకి కూడా వీలుంది. అంటే పాత వరంగల్ జిల్లాలో ఓ మిర్చి రైతు పేరు మీద అప్పు తీసుకున్నవాడు స్టేషన్ మెట్లెక్కి, పూచీ కాగితం రాసిచ్చి, సాయంత్రానికి ఇంటికి చేరతాడు. రైతు మాత్రం అప్పు కావాలంటే బ్యాంకులు చూసే తన సిబిల్ స్కోరు సరిచేయించుకోవడానికి తిరుగుతూనే ఉంటాడు.

అందుకే శిక్షను పెంచాలని మేము కోరుతున్నాం. కనీసం ఐదేళ్లకైనా పెంచితే బెయిల్ హక్కుగా దొరకదు. ఇతరుల గుర్తింపు కాగితాలను ఉద్యోగరీత్యా చేతిలో పెట్టుకునే సిమ్ ఏజెంట్లు, ఊళ్లలో బ్యాంకు తరఫున పనిచేసే బ్యాంకు మిత్రలు, డేటా ఎంట్రీ ఆపరేటర్లు దొంగలైతే ఏడేళ్లు ఉండాలి. కంచే చేను మేసినప్పుడు మామూలు దొంగ లెక్క సరిపోదు.

అయితే గీత జాగ్రత్తగా గీయాలి. అమెరికాలో 2004లో తెచ్చిన చట్టం, కొన్ని నేరాల్లో మరొకరి గుర్తింపు వాడితే రెండేళ్ల జైలు అదనంగా, తప్పనిసరిగా వేయమంది. ప్రాసిక్యూటర్లు దాన్ని ఎంతగా సాగదీశారంటే, వైద్యం బిల్లులో లెక్క పెంచి రాసిన కేసులోనూ అందులో రోగి పేరుందని ఆ సెక్షన్ పెట్టారు. 2023లో అక్కడి సుప్రీంకోర్టు అడ్డుకోవాల్సి వచ్చింది. మోసానికి గుర్తింపు వాడకమే ఆయువుపట్టు అయితేనే ఆ శిక్ష అని తేల్చింది. మన దగ్గర కూడా మంచాన పడ్డ తల్లి ఫోన్‌లో ఓటీపీ చూసి ఆమె పింఛను డబ్బు ఆమె మందులకే తీసిన కొడుకునీ, రబ్బరు వేళ్లు పోసినవాణ్నీ ఒకే గాటన కట్టకూడదు.

ఇంకో మాట. 66సి కేసును ఇన్‌స్పెక్టర్ స్థాయి అధికారే దర్యాప్తు చేయాలి. మన మండలాల్లో చాలా స్టేషన్లకు ఎస్సైయే పెద్ద. అంటే కేసు సర్కిల్ ఆఫీసుకో, సైబర్ స్టేషన్‌కో పోవాలి. బాధితుడు కూడా దాని వెంటే తిరగాలి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే పోయే డబ్బును ఆపగలరేమో, పోయిన పేరును తెచ్చివ్వలేరు. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం లీకు చేసిన సంస్థకు 250 కోట్ల దాకా జరిమానా అంటోంది. అందులో నష్టపోయినవాడికి పైసా రాదు, అంతా ప్రభుత్వ ఖజానాకే. క్రెడిట్ రిపోర్టులో తప్పును 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు వంద రూపాయలు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. మా కంటికి పనికొచ్చేదిగా కనిపించింది అదొక్కటే. ‘ఈ అప్పు ఇతనిది కాదు’ అని కోర్టు ఒక కాగితం ఇచ్చి, బ్యాంకులన్నీ దాన్ని మన్నించేలా చట్టంలోనే రాయాలి.

హన్మకొండలో ఏ జిరాక్స్ సెంటర్‌కైనా వెళ్లి చూడండి. వాట్సాప్‌లో పంపిన ఆధార్లు కంప్యూటర్ తెర మీద వరసగా పడి ఉంటాయి. సరిగా రాని కాపీలు బల్ల కింద అట్టపెట్టెలో. ప్రింట్ తీసుకున్నాక ‘డిలీట్ చెయ్యన్నా’ అని అడిగేవాళ్లు అరుదు. అడగడానికి మొహమాటం. ఆ పెట్టెలోని కాగితాలు ఎటు పోతాయో కొట్టువాడికీ తెలియదు. తన పేరు ఎవరో వాడుకున్నారని లబోదిబోమంటూ వచ్చినవాడు కూడా ముందు ఆ కొట్టు ముందే నిలబడాలి. ఫిర్యాదుకు జత చేయమని అడిగేది ఆధార్ జిరాక్సే మరి.