ఎడమామె ముందు మౌనవ్రతం

జపాన్‌లో ఇజకాయా అంటే, ఆఫీసు వదిలిన ఉద్యోగులు టై వదులు చేసుకుని, పగలంతా మింగిన మాటలను పై అధికారి ఎదుటే కక్కి, మర్నాడు ఇద్దరూ ఏమీ ఎరగనట్టు నమస్కరించుకోగలిగే చోటు. కొన్ని శతాబ్దాల కిందటి ఎడో కాలంలో సాకే అనే బియ్యపు మద్యం అమ్మే దుకాణదారులు కొన్నవారిని అక్కడే తాగనివ్వడంతో మొదలైన ఈ వ్యవస్థ, గుమ్మానికి ఎర్ర కాగితపు లాంతరు కట్టి, వచ్చినవారిని కేకలతో ఆహ్వానించి, పొగ మధ్య కోడిమాంసం కాల్చిపెడుతూ తరతరాలుగా నడుస్తోంది. ఇంతటి మహత్తర అవకాశాన్ని జపనీయులు కేవలం సంతోషంగా ఉండడానికి వాడుకుని వృథా చేశారు. ఆ లోపాన్ని సరిదిద్దే భారాన్ని ప్రపంచమంతటా పేటపేటనా వెలుస్తున్న ‘జపాన్ స్ఫూర్తి’ బార్లు తలకెత్తుకున్నాయి. వాటి సేవకు తగిన గుర్తింపు దక్కకపోవడం అన్యాయం.

ముందుగా స్థలం సంగతి. టోక్యోలోని షింజుకులో గోల్డెన్ గాయ్ అనే సందుల్లోని బార్లు చాలావాటిలో పట్టుమని పదిమంది పట్టరు. యుద్ధం తరువాత లేచిన ఆ కట్టడాలు అంత ఇరుకైనవి. ‘స్ఫూర్తి’ బారు విశాలమైన హాలును అద్దెకు తీసుకుని, అందులో సగాన్ని నల్లని చెక్కతో మూసి, అదే ఇరుకును శ్రమించి సాధిస్తుంది. ఇరుకు పేదరికం వల్ల వస్తే ఇబ్బంది, ఆర్కిటెక్టుకు ఫీజు చెల్లించి తెచ్చుకుంటే సౌందర్యం. మెనూ కనిపించనంత చీకటి కూడా ఈ పద్దు కిందికే వస్తుంది. ధరలు చదవలేని అతిథి మనశ్శాంతికి భంగం ఉండదు.

ఇక హైబాల్. సోడా కలిపిన విస్కీని వేరే మాటల్లో వర్ణించడం సామాన్యులకు సాధ్యం కాదు. 1950లలో జపాన్‌లో టోరిస్ అనే చవక విస్కీ పేరుతో వెలిసిన బార్లు దీన్ని జీతగాళ్ల జేబుకు అందేలా అమ్మాయి. 1980ల తరువాత విస్కీ అమ్మకాలు ఏళ్ల తరబడి పడిపోతే, 2000ల చివర్లో సంతోరీ కంపెనీ దీన్నే బీరు మగ్గుల్లో పోయించి మళ్లీ జనంలోకి తెచ్చింది. ఇంత చవకైన గతం ఉన్న పానీయానికి ఆధ్యాత్మిక స్థాయి కల్పించడం చిన్న పని కాదు. బార్‌టెండర్ మంచుదిమ్మను కత్తితో చెక్కుతాడు. చెక్కుతున్నంతసేపూ ఉలకడు, పలకడు. విస్కీని మంచుతో పదమూడున్నర సార్లు తిప్పాలన్న లెక్క ఒకటి ఈ వృత్తిలో ప్రచారంలో ఉంది. ఆ అర చుట్టు దగ్గర అతని ముఖంలో కనిపించే ఏకాగ్రత శస్త్రచికిత్స చేసే వైద్యుడిలోనూ అరుదు. దాహం వేసి వచ్చినవారికి ఇది తపస్సు, అంతకుముందే ఎక్కడో తాగి వచ్చినవారికి దర్శనం.

సాకే విషయంలో జ్ఞానబోధ మరింత ఉదారంగా సాగుతుంది. మేలురకం సాకే అయిన దైగింజో అనిపించుకోవాలంటే గింజలో సగమో అంతకన్నా తక్కువో మిగిలేదాకా బియ్యాన్ని అరగదీయాలి. సర్వర్ ఆ సంగతి చెప్పి ముగించేసరికి శ్రోతలో మిగిలేదీ దాదాపు అంతే. కోజి బూజుతో సాకే తయారుచేసే సంప్రదాయ విద్యను 2024 డిసెంబరులో యునెస్కో అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఖాళీ గ్లాసు చూపించి ఇంకోటి అడిగినవారికి ఈ వార్త వినిపించాకే ఇంకోటి వస్తుంది. జపాన్‌లో చాలాచోట్ల గ్లాసును చిన్న చెక్కపెట్టెలో నిలిపి, పొర్లి పెట్టెలో పడేదాకా సాకే పోస్తారు. ఇక్కడ చెక్కపెట్టె ఉంది, గ్లాసు ఉంది. పొర్లడం మాత్రం మితిమీరిన భావోద్వేగంగా భావించి మానుకున్నారు.

ఆహారం గురించి ఎక్కువ చెప్పడానికి లేదు, ఎందుకంటే పళ్లెంలోనూ ఎక్కువ ఉండదు. ఎడమామె అంటే ఉడికించి ఉప్పు చల్లిన లేత సోయా కాయలు. అవి రాగానే బల్ల చుట్టూ పరుచుకునే నిశ్శబ్దం చూస్తే, ఎవరో గతించారేమోనని కొత్తవారికి అనుమానం కలగవచ్చు. అసలైన వసాబిని, అంటే జపాన్ వంటల్లో వాడే ఘాటైన దుంపను, తురిమాక ఘాటు కొద్ది నిమిషాల్లోనే తగ్గిపోతుంది. దాని విశిష్టతను వివరించడానికి అంతకన్నా ఎక్కువసేపు పడుతుంది కాబట్టి, హార్స్‌రాడిష్ అనే మరో ఘాటు దుంపకు ఆకుపచ్చ రంగు కలిపి పెట్టడం పూర్తిగా సమంజసమే. అడగకుండానే చిన్న గిన్నెలో ఏదో తెచ్చిపెట్టి, కూర్చున్నందుకు రుసుముగా బిల్లులో వేసే ‘ఓతోషి’ పద్ధతిని ఈ బార్లు నిష్ఠగా పాటిస్తున్నాయి. అదే జపాన్‌లో టిప్పు ఇచ్చే అలవాటు లేదన్న సంగతి మాత్రం, అంత చెక్కా బొగ్గూ దిగుమతి చేసుకున్న హడావుడిలో, ఎక్కడో కస్టమ్స్ గోదాములో ఉండిపోయినట్టుంది.

ఇంతటి క్రమశిక్షణకు భంగం కలిగించేవారు లేకపోలేదు. అప్పుడప్పుడు ఒక మూల బల్ల దగ్గర నలుగురు ఆఫీసు మిత్రులు చేరి, ఒకరి గ్లాసులో ఒకరు పోసుకుంటూ, వచ్చిన యాకిటోరి (పుల్లకు గుచ్చి కాల్చిన కోడిమాంసం) పుల్లలను వివరణ వినకుండానే పంచుకుని తింటూ, తమ మేనేజరును అనుకరించి పగలబడి నవ్వుతారు. ఓసారి ఆ మేనేజరు కూడా వారితోనే ఉన్నాడు, అందరికన్నా గట్టిగా నవ్వినది ఆయనే. జపాన్ సంస్కృతి అంటే ఓనమాలు తెలియని ఇటువంటివారిని గుమ్మం దగ్గరే ఆపే ఏర్పాటు యాజమాన్యాలు తక్షణం చేయాలి.